సూరన్న ఇంకా ఒడ్డుకి రాలేదు

సోనేపూర్
ఆగస్టు 1988

ఏమే వాసూ,

నీ కథ అచ్చైన రెండు సంచికలూ అందాయి. తిరిగి పంపమని మాత్రం అడక్కు, నెత్తళ్ళ వాసన పట్టేశాయి. మధ్యాహ్నం ఇసకలో చేపలు ఎండేసి కాకులు రాకుండా కాపలా కూర్చుంటాం కదా, అప్పుడు చదివి వినిపిస్తున్నాను. మా అత్త కాసమ్మ, పక్కింటి చిట్టమ్మ, ఇంకా నలుగురైదుగురు వింటారు. తొమ్మిదో తరగతిలో చదువు మానేసినదాన్ని ఇక్కడ పంతులమ్మని చేసి కూర్చోబెట్టారు. బరంపురంలో నీ పక్కన బెంచీ మీద కూర్చున్న పుణ్యం ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ఇప్పుడు తిట్లు విను. నీ హీరో పేరు ఆదిత్యవర్ధన్ అట. అది మా అత్త నోట్లో పట్టలేదు. సూరన్న అని పిలవడం మొదలుపెట్టింది, ఇప్పుడు అందరికీ సూరన్నే. నెప్ట్యూన్ అవతల, ఆకాశంలో పోయే ఓడలు దారి తప్పకుండా దీపం కాస్తూ ఒక్కడూ కూర్చున్నాడు, సరే. గోపాలపూర్ లైట్‌హౌస్ చూసినవాళ్ళం, అది మాకు అర్థమైంది. అతను ఒక మాటంటే అది భూమ్మీద ఉన్న పెళ్ళాం భారతికి చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. అదీ అర్థమైంది. కానీ ఆ దీపం లోపలి యంత్రం గురించి రెండు పేజీలు రాశావు చూడు, అక్కడ చిట్టమ్మ నిద్రపోయింది. వీళ్ళు అడిగేవి వేరు. అతనికి వండేదెవరు? జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేదెవరు?

"దెబ్బలాడ్డానికి ఎవులున్నారే ఆడికి? దెబ్బలాట నేకపోతే మనిషికి పిచ్చెక్కదేటి?" అంది అత్త. నీ కథలో దానికి జవాబు లేదు.

మా ఆయన పైడన్న కూడా విన్నాడు. ఇప్పుడు పారాదీప్ రేవుకి వెళ్ళాడు, అక్కడ చేపల ట్రాలర్ మీద పని దొరికింది. వెళ్ళే రోజున బస్సు వచ్చేదాకా రెండో భాగం చదివించుకుని, మిగతాది ఉత్తరాల్లో రాయమన్నాడు. అందుకని నీకొక సంగతి ముందే చెప్పాలి. మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి ఒకటుంది. మగవాడు నీటి మీద ఉండగా ఇంట్లో మొదలుపెట్టిన కథ ముగించకూడదు. చివరి ముక్క అట్టే పెట్టి, అతను ఒడ్డుకొచ్చాకే చెప్పుకోవాలి. వల అల్లినా అంతే, ఆఖరి ముడి వెయ్యదు. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వట్లేదు. నీ కథ ఎన్ని నెలలొస్తుందో రాయి. ఆయన పండగలయ్యాక గానీ రాడు.

నిన్ను తిట్టడానికి హక్కున్న,
దానమ్మ


బరంపురం
సెప్టెంబరు

దానీ,

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. ఆ యంత్రం గురించి రాయడానికి నేనెంత చదివానో నీకేం తెలుసు? మా బళ్ళో పిల్లలకి సైన్సు చెప్పి ఇంటికొచ్చి, మా అమ్మ ఈశ్వరమ్మ పెళ్ళి సంబంధాల పురాణం విప్పేలోగా దొరికిన కాస్త వ్యవధిలో రాసుకున్న పేజీలవి. వాటి మీద మీ చిట్టమ్మ నిద్రపోతుందా?

కానీ మీ అత్త అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. నిజమే, ఎవరితో దెబ్బలాడతాడు? తిట్టిన నాలుగు గంటలకి తిట్టు అందుతుంది, ఇంకో నాలుగు గంటలకి జవాబొస్తుంది. అప్పటికి కోపమెక్కడుంటుంది? ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. వాళ్ళిద్దరూ జవాబు కోసం ఎదురుచూడ్డం మానేస్తారు. అవతలి మనిషి ఏం అడుగుతుందో ఊహించి, అడక్కముందే జవాబు పంపేస్తారు. నీ ప్రశ్న, నా జవాబు ఎక్కడో దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి. ఒకరి మనసు ఒకరికి తెలిస్తేనే సాగే ఆట అది. మూడో భాగమంతా అదే రాశాను. యంత్రం నాలుగు వాక్యాలకి తగ్గింది. మీ అత్తకి చెప్పు.

కథ జనవరి సంచికతో అయిపోతుంది. ముగింపు కూడా నిర్ణయించుకున్నాను. దీపం చెడి అతను చనిపోతాడు. కానీ అప్పటికే బయలుదేరిన మాటలు నాలుగు గంటల పాటు వస్తూనే ఉంటాయి. భారతి వాటిని వింటూ కూర్చుంటుంది. సైన్సు కథలో తప్ప ఇలాంటిది ఎక్కడ కుదురుతుందే? మీ పద్ధతి సంగతంటావా, జనవరికి పైడన్న ఎలాగూ వచ్చేస్తాడుగా.

వాసవి


సోనేపూర్
నవంబరు

వాసూ,

మూడో భాగం నాలుగుసార్లు చదివించారు. నువ్వు గెలిచావు. ఇక్కడ అదొక ఆటైపోయింది. నేను నోరు తెరవకముందే అత్త, "ఏసీసినానే, ఉప్పు ఏసీసినాను" అంటుంది. చిట్టమ్మ మొగుడు గుమ్మంలో అడుగుపెడుతూనే "నేదు, సారా కొట్టు ఏపు ఎల్లనేదు" అన్నాడట. అడక్కుండా చెప్పాడు కాబట్టి వెళ్ళాడని తేలిపోయింది.

మా ఆయనకి కథంతా రాసి పంపాను. జవాబు ఎలా రాశాడో చూడు: "ఔను, దుప్పటి తెచ్చుకున్నాను. తింతన్నాను. నేదు, తాగట్నేదు. దసరానాడు తాగినాను, కోపడకు. ఔను, నువ్వు గేపకం వస్తన్నావు." అంతే ఉత్తరం. అచ్చం నేను అడగబోయే వరసలోనే ఉంది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన నాతో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు. నెప్ట్యూన్ అవతలి మనిషిని అడ్డం పెట్టుకుంటే గానీ ఆయన నోరు పెగల్లేదు.

కానీ వాసూ, నువ్వు చెప్పిన ముగింపు నాకు నచ్చలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. గాలి మారింది. పడవలు పొద్దున్నే వెళ్ళి పొద్దున్నే వచ్చేస్తున్నాయి. ట్రాలర్లు మాత్రం లోపలికి వెళ్తాయి, ఒకసారి వెళ్తే రోజుల తరబడి రావు. సూరన్నని చంపకు. నీకు దణ్ణం పెడతాను. పోనీ చంపాలనే ఉంటే పైడన్న వచ్చాక చంపు.

దానమ్మ


బరంపురం
డిసెంబరు మొదట్లో

దానీ,

మొన్న గాలివాన సంగతి రేడియోలో విన్నప్పటి నుంచి నా ప్రాణం ప్రాణంలో లేదు. తీరం దాటింది బెంగాల్ వైపనీ, మన వైపు వాన మాత్రమేననీ అన్నారు. పైడన్న దగ్గర్నుంచి కబురొచ్చిందా? వాళ్ళ బోటు ఆ వేళకి రేవులోనే ఉందా? వెంటనే రాయి.

ఇంకోటి. దీన్ని ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను. ముగింపు పత్రికకి పంపేశాను. నీ ఉత్తరం రాకముందే పంపాను. ఎడిటరుగారు చాలా మెచ్చుకున్నారు, కంపోజింగుకి ఇచ్చేశారట. నాకు ఇలాంటి మెప్పు ఇదే మొదటిసారి దానీ, వెనక్కి తీసుకోమని అడగలేకపోయాను. అయినా కథకీ బోటుకీ సంబంధమేమిటి చెప్పు? ఇద్దరం ఒకే బెంచీ మీద ఒకే సైన్సు పుస్తకం చదివాం. నేను కాగితం మీద ఒకణ్ణి చంపితే సముద్రంలో ఇంకొకడికి ఏమవుతుంది? ఏమీ అవదు.

ఏమీ అవదని నువ్వు కూడా ఒక్కసారి రాయవే. నాకు భయంగా ఉంది.

వాసవి


సోనేపూర్
డిసెంబరు

వాసవికి,

ఇక్కడ అంతా బాగున్నారు. బోటు ఆలస్యమైంది, అంతే.

జనవరి సంచిక ఇటు పంపకు. ఎవరైనా అడిగితే కథ ఇంకా సాగుతోందని చెప్పు. నాకు తరువాయి భాగం నీ చేత్తో రాసి పంపు. పత్రికకి కాదు, మాకు. సూరన్న బతికి ఉండాలి. ప్రతి పదిహేను రోజులకీ ఒకటి వచ్చేలా చూడు.

ఎందుకని అడక్కు.

దానమ్మ


బరంపురం
డిసెంబరు చివర

దానీ,

వాసవికి అట! పుట్టి బుద్ధెరిగాక నాకలా రాయలేదు నువ్వు.

నువ్వు దాస్తే నాకు తెలియదనుకున్నావా? గోపాలపూర్ చేపల వ్యాపారి కూర్మారావు మా నాన్న కొట్టుకొచ్చి చెప్పాడు. గాలివానకి ముందు పారాదీప్ నుంచి వెళ్ళిన బోట్లలో ఒకటి తిరిగి రాలేదనీ, అందులో సోనేపూర్ మనిషి ఉన్నాడనీ అన్నాడు. ఓనరు ఆశ వదులుకున్నాడట. మా నాన్నకి నువ్వెవరో గుర్తులేదు, పద్దు రాసుకుంటూ అయ్యో పాపం అన్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

నిన్ను ఓదార్చడం నాకు చేతకాదు. చేతనైంది పంపుతున్నాను. నువ్వడిగిన భాగం ఇందులో ఉంది. సూరన్న చావలేదు. పలికే యంత్రం పాడైంది, వినే యంత్రం బాగానే ఉంది. అతని మాట ఇక్కడికి రాదు, ఇక్కడి మాట అతనికి వెళ్తుంది. అది భారతికి తెలియదు. అయినా రోజూ పొద్దున్నే మాట్లాడుతుంది. ధరలు చెబుతుంది, పక్కింటావిడ మీద చాడీలు చెబుతుంది, పలకనందుకు తిడుతుంది. అక్కడ ఆ చీకట్లో అతను తిట్లు తింటూ నవ్వుకుంటాడు. రాస్తున్నంతసేపూ ఏడ్చాను. పత్రికకి పంపిన ముగింపు రాసినప్పుడు నాకు కన్ను తడి కాలేదు దానీ, అందంగా కుదిరిందని మురిసిపోయానంతే. కథలో ఒక మనిషిని అంత దూరం పంపించింది దీపం కోసం కాదు, వాళ్ళిద్దరి మాటల కోసమేనని ఇప్పటికి తెలిసింది నాకు.

నిజం రాయి. నాతో దాచకు.

నీ వాసు


సోనేపూర్
జనవరి 1989

వాసూ,

నిజమే రాస్తాను. ఓనరు తాలూకు మనిషి వచ్చాడు. నేను బస్సు దగ్గర ఉన్నాను కాబట్టి అక్కడే పట్టుకుని, ఊళ్ళోకి రానివ్వకుండా వెనక్కి పంపేశాను. బోటు గాని, మనుషులు గాని దొరకలేదన్నాడు. దొరకలేదంటే పోయినట్టేనా అని అడిగాను. అతను చెప్పులవైపు చూశాడు.

అత్తకి చెప్పలేదు. ఆమె మొగుణ్ణి ఈ నీళ్ళే తీసుకున్నాయి. ఇప్పుడు కొడుకని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిట్టమ్మకీ మిగతావాళ్ళకీ తెలుసు, ఒట్టేయించుకున్నాను. నువ్వు పంపిన భాగం చదివాను. సూరన్న పలకడం లేదు గానీ వింటున్నాడన్నచోట లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను, దగ్గొచ్చిందని చెప్పాను. అత్త ఆ పూట అన్నం తింది. కథ చదివిన రోజే తింటోంది వాసూ, లేకపోతే చారునీళ్ళు తాగి పడుకుంటోంది.

నా భయమల్లా ఒకటే. ఇదివరకు వాక్యానికి నాలుగు ప్రశ్నలు అడిగేదా, ఇప్పుడు ఏమీ అడగడం లేదు. సూరన్న గురించి అడగదు, మా ఆయన ఉత్తరం ఏదని అడగదు. చదివినంతసేపూ నా మొహంలోకే చూస్తుంది. నేను తల వంచుకుని చదువుకుంటూ పోతాను. ఎన్నాళ్ళని రాస్తావు? నేను ఎన్నాళ్ళని చదువుతాను? అయినా రాయి. ఆపకు.

దానమ్మ


బరంపురం
ఫిబ్రవరి

దానీ,

ఇప్పుడొక మాట తప్పుతున్నాను. తిట్టుకో.

మీ అత్త పోయిన నెలలో మా ఇంటికొచ్చింది. ఎండుచేపల గంపతో సరాసరి గుమ్మంలోకొచ్చి నిలబడింది. మా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కోమటోళ్ళ ఇంటికి చేపల గంపేమిటని లబలబలాడింది. కాసమ్మగారు గంప వీధిలో దించి, అరుగు మీద కూర్చుని, "అమ్మకానికి రానేదమ్మా, కత రాసే వోసమ్మ కోసం వచ్చినాను" అంది. నేను పరిగెత్తుకుని వెళ్ళాను.

ఆమె కొంగులోంచి జనవరి సంచిక తీసింది. బస్టాండులో పుస్తకాలు వేలాడదీసిన చోట, అట్ట మీద మన కథకి వేసే దీపం బొమ్మ చూసి గుర్తుపట్టిందట. కొనుక్కుని, బస్సులో పక్కనున్న ఆవిడ చేత చదివించుకుంది. పుస్తకంలో సూరన్న పోయాడు. నువ్వు చదివే కాగితాల్లో బతికున్నాడు. ఎందుకిలాగని ఆమె ఎవరినీ అడగలేదు. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"కతలో సావునే నా కాణ్ణించి దాస్తందంటే, దానికి అంతకన్నా పెద్ద సావేదో తెలిసిందన్నమాట."

అబద్ధమాడదామనుకున్నాను, నా మొహమే చెప్పేసింది. ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలిసిపోనాదని దానికి సెప్పకు. రాత ఆపీకు. అది సదివిన పూటే నా కోడలు ఇంత ముద్ద మింగుతాది" అంది.

విన్నావా? నువ్వేమో కథ చదివితే అత్త తింటుందంటావు. ఆమేమో కోడలు తింటుందని కూర్చుని వింటోంది. ఇద్దరూ నన్ను రాయమంటారు, ఇద్దరూ రెండోవాళ్ళకి చెప్పొద్దంటారు. నెల రోజులుగా నేను నిద్రలేకుండా ఉన్నాను. నెప్ట్యూన్ నుంచి మాట రావడానికి నాలుగు గంటలే పడుతుంది. మీరిద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఇన్ని వారాలైనా ఒకరి మాట ఒకరికి చేరలేదు. ఈ ఉత్తరం ఆమె ఎదురుగా పైకి చదువు. చదివేదాకా నీకు తరువాయి భాగం పంపను.

నీ వాసు


సోనేపూర్
మార్చి

ఒసే వాసూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేపలు ఎండేసిన చోటే, అందరి ముందూ, కథ చదివినట్టే చదివాను. "మొహమే చెప్పేసింది" అన్నచోట ఆగిపోయాను. అత్త లేచొచ్చి నా చేతిలో కాగితం తీసి, మడిచి, నా ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత ఇద్దరం కాకుల సంగతి మర్చిపోయి ఏడ్చాం. చిట్టమ్మే కర్ర పట్టుకుని తోలింది. ఇంటికెళ్ళి ఒకే కంచంలో తిన్నాం. కర్మలు చేయించాలా అని పెద్దలు కబురు పెడితే, "ఆఖరి ముడి నానింకా ఎయ్యనేదు, మీరెవులు ఎయ్యడానికి?" అని పంపేసింది.

ఇప్పుడు కూర్చుని చదువు. నిలబడి చదవకు.

ఆయన బతికున్నాడు.

మొన్న కానిస్టేబుల్ వచ్చాడు. గాలివానలో ఇంజను చెడిపోయి, బోటు కొట్టుకుపోయి, బెంగాల్ కూడా దాటి సరిహద్దు అవతల తేలిందట. బోటు మీది వాళ్ళందరూ ఆ దేశపు జైల్లో ఉన్నారు. ఎప్పుడు వదుల్తారో ఎవరికీ తెలియదు. రెండు సర్కార్లూ మాట్లాడుకోవాలట, అది నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. కానిస్టేబుల్ ఒడియాలో ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు చెవులు పనిచెయ్యలేదు, అతని చేతిలో ఉన్న కార్డునే చూస్తున్నాను. పైన ఎన్ని ముద్రలున్నాయో! మధ్యలో మా ఆయన వంకర అక్షరాలు. ఉన్నదంతా రాస్తున్నాను:

"ఔను, బతికే ఉన్నాను. తింతన్నాను, ఉప్పు తక్కువ. నేదు, కొట్టనేదు. దుప్పటి సముద్రంలో పోనాది, ఇంకోటి ఇచ్చినారు. అమ్మకి సెప్పు, దెబ్బలాడ్డానికి ఇక్కడ సానామంది ఉన్నారు. నువ్వు అడిగినవన్నీ అయిపోనాయి. ఇప్పుడు నానొకటి అడుగుతాను. సూరన్న ఒడ్డుకొచ్చినాడా?"

వాసూ, ఆ ఆఖరి మాట చూశావా? అత్తకి మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను. ఆమె కార్డు తీసుకుని, చదువు రాకపోయినా ఆ వరస మీద వేలు పెట్టి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏం రాయమంటావని అడిగాను. పుస్తకంలో అయితే సూరన్న పోయాడు కదా.

"నేదని రాయి. సూరన్న ఇంకా ఒడ్డుకి రానేదని రాయి. నువ్వొచ్చినాకే ఆడొస్తాడని రాయి" అంది అత్త. చాలా రోజుల తర్వాత వరసగా ప్రశ్నలు మొదలుపెట్టింది. సూరన్న యంత్రం బాగవుతుందా? అక్కడికి ఇంకో ఓడ పోతుందా? పోతే అందులో భారతిని ఎక్కించుకోరా?

నువ్వే చెప్పాలి. తరువాయి భాగం వెంటనే పంపు. జైల్లో ఎవరెవరో విప్పి చూస్తారట, కాబట్టి రాకెట్ల గురించి ఎక్కువ రాయకు, దెబ్బలాటలు రాయి. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి. ఆయన కూడబలుక్కుని గానీ చదవలేడు.

దానమ్మ